ఇరవై లెక్కబెట్టు

పుష్యమాసం. తెల్లారగట్ల నాలుగున్నర.
అమ్రాబాద్ గుట్టల మీద సలి
కుక్కను సుత ఒక్కకాడ పండనియ్యది.
తాళం తిప్పిన.
జీపు ఒక్కసారి మూలిగి
ముసుగు మల్ల కప్పుకున్నది.

ఎనుక పదకొండు క్యాండ్ల పాలు.
ఆరున్నర దాటితే అచ్చంపేటల
గేటేస్తడు పాలకేంద్రం ఈదన్న.
పాలను సల్లబరిచే కాడికి పోనీకి
ముందుగాల ఇంజన్ను కాకబెట్టాలె.
నవ్వొచ్చే ముచ్చటే,
నవ్వేటంత టైమే లేదు.

ఎవలకు తోచింది వాళ్లు చెప్పిండ్రు.
వదిన సాలమ్మ బిందెడు నీళ్లు మరగబెట్టిచ్చింది.
పోసిన.
బండి స్నానం జేసిన పిల్లలెక్క పొగలిడిసి,
రెండు నిమిషాలకు
ముందటికన్న ఎక్కువ వణికింది.

చాంబర్ కింద కుంపటి పెట్టుమన్నడు
ట్రాక్టర్ కుర్మయ్య,
వాళ్ల నాయిన లారీ తోలినప్పుడు గదే జేసేటోడంట.
ఆయిలు కారే బండి కింద నిప్పులా!
గడ్డం కాలితే మల్ల మొలుస్తది,
జీపు మొలుస్తదా?

ఏటవాలుకు ఆపి దొర్లిచ్చుమన్నరు.
వారం రోజులు దొర్లిచ్చిన, మంచిగనే పట్టుకున్నది.
ఎనిమిదో పొద్దు
దిగువల ఎవలో మేకలను కట్టేసిండ్రు.

మోటర్లు చుట్టే పిలగాడు ఫోన్ల చూపిండు
మంచు దేశాల బండ్లను:
ఇంజన్ పొట్టల ఒక రాడ్డు,
రాత్రంత గోడకు వైరు.
ధర నోటితోని చెప్పలె, అంకె మీద ఏలు పెట్టిండు.
నేను మనసుల క్యాండ్లు లెక్కబెట్టుకున్న.
ఇగ మా కొట్టంల కరెంటు
మూడింటికి పోయి ఆరింటికొస్తది.
సలికి గసొంటి కోతల్లేవు.

ఆఖరికి జానీమియా షెడ్డుకే పోయిన.
హీటర్ ప్లగ్గులు నాలుగూ ఊడదీసి
గుడ్డ మీద పరిచిండు, పీకిన పండ్ల లెక్క.
బ్యాటరీ తీగ ఒక్కొక్కదానికి ముట్టిచ్చుకుంట పోయిండు.
మొదటిది కొస ఎర్రబడ్డది, బీడీ గుంజినట్టు.
రెండోది నల్లగనే.
మూడోదీ గంతే.
నాలుగోది సగం ఎర్రగై
పోవుడా ఉండుడా అని సోంచాయించవట్టె.

"రెండు సచ్చినయి. ఒకటి ముసల్ది."

డబ్బ మీద కంపెనీ పేరున్నయి ఒక రకం,
అసలు డబ్బే లేనివి ఇంకో రకం.
ఉన్నదాని పైసలకు లేనివి మూడొస్తయి.
నా చెయ్యి ఎటు పోతున్నదో జూసి
ఆయన పానా కింద పెట్టిండు.
"గది జల్ది ఎర్రగైతది, జల్దే సస్తది.
కొస ఉబ్బి లోపట ఇరిగిందనుకో
హెడ్డు ఇప్పాలె. అప్పుడు నన్ను తిట్టుకుంట కూసుంటవు."

జేబుల పదిహేను రోజుల పాల బిల్లు,
అండ్లకెల్లి దాణా బాకీ కోసినంక మిగిలింది.
రెండు కంపెనీవి తీసుకున్న.
ముసల్దాన్ని ఉండనీయిమన్న.
ఆయన ఏమనలె.
ఇసుక కాయితంతోని దాని కొస గీకి,
ఉఫ్‌మని ఊది, బిగిచ్చిండు.
గా పనికి పైసలు తీసుకోలె.
"తాళం సగం తిప్పి ఆగు. ఇరవై లెక్కబెట్టు.
నువ్వు పన్నెండుకే తిప్పుతవు, నాకెర్కలేదా."

ఇయ్యాల సగం తిప్పి ఆగిన.
వదిన టార్చి పట్టుకొని నిలవడ్డది.
క్యాండ్ల మూతల మీద మంచు.
పన్నెండు కాడ ఏళ్లు గుంజినయి.
పద్నాలుగు.
లోపట ఏడనో చీకట్ల
మూడు కొసలు ఎర్రగైతున్నయి,
నాలుగోది దాని సాతనైనంత.
పందొమ్మిది.
ఇరవై.

మూడు గదులు ఒక్కపారే లేసినయి.
నాలుగోది దగ్గింది. తెల్ల పొగ
వాకిలంత నిండి, వదిన కొంగు ముక్కుకు పెట్టుకొని
"మూడు కాళ్ల బండి" అన్నది.
మన్ననూరు దాటినంక సుత దగ్గుతనే ఉండె.
ఘాటుల ఏ మలుపు కాడ మానుకున్నదో
ఇనలేదు నేను,
ఎనుక క్యాండ్లు ఒకదానికొకటి తాకి
మోగుతుండె.